ఊరికే చెప్పే లెక్కలు

2011 ఫిబ్రవరిలో జనాభా లెక్కలు రాసుకోడానికి ఒక టీచరమ్మ పుంగనూరులో మా ఇంటికొచ్చింది. నన్ను చూపించి "ఈమె ఏం చేస్తారు?" అని అడిగితే, "ఏమీ చెయ్యదు, ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు మా ఆయన. అబద్ధమాడాలని ఆయన ఉద్దేశం కాదు. ఆ సమయానికి మా వసారాలో పదిహేడు మంది పిల్లలు నేనిచ్చిన లెక్కలు చేస్తున్నారు. నేనూ ఏమీ అనలేదు. పిల్లలు కాచుకుని ఉన్నారని వసారాలోకి వెళ్ళిపోయాను.

ట్యూషన్ టీచర్ని కావాలనుకుని నేను కాలేదు. మదనపల్లెలో బి.ఎస్సీ. లెక్కలు, ఫిజిక్సు చదివాను. పెళ్ళయ్యాక బి.ఎడ్. చేస్తానంటే ఇప్పుడెందుకన్నారు. బావగారి కొడుక్కి లెక్కలు చెప్పడానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. వాడికి మార్కులొచ్చాయి, పక్కింటి పిల్లలొచ్చారు. గడప దాటక్కర్లేదు, వంట ఆగదు, నాలుగు డబ్బులొస్తాయి. కుక్కరు కూతలు లెక్కపెట్టుకుంటూనే కాంతి పరావర్తనం చెప్పాను. ఆడవాళ్ళకి ఓపికెక్కువ, చిన్నపిల్లలకి చెప్పడం వాళ్ళకే చేతనవుతుందని మెచ్చుకుంటారు. ఓపిక మన స్వభావమే అయితే దానికి ఎవరూ వెల కట్టక్కర్లేదు. ఒక లెక్క పిల్లవాడికి ఎక్కడ అర్థం కాలేదో కనిపెట్టడానికి పట్టే ఆలోచన ఎవరి లెక్కలోకీ రాదు.

మదనపల్లెలో చదివినవాళ్ళందరం ఒక కథ వింటూ పెరిగాం. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి థియొసాఫికల్ కాలేజీకి వచ్చి, జనగణమన పాడి, దాన్ని ఇంగ్లీషులోకి అనువదించారన్న కథ. ఆ పాటకి స్వరాలు రాసిన మార్గరెట్ కజిన్స్ ఆ కథలో ప్రిన్సిపాల్ గారి భార్యగానే వచ్చేది. ఆమె సంగీతంలో పట్టా పుచ్చుకున్న మనిషనీ, స్త్రీవిద్య కోసం 1927లో పూనాలో మొదలైన అఖిల భారత మహిళా సభ వెనక ఆమె ఉందనీ నాకు చాలా ఏళ్ళకి గాని తెలియలేదు. అంతటి మనిషి సంగతే అలా ఉంటే వసారా టీచరు సంగతి చెప్పేదేముంది అనుకున్నాను.

ఇంతవరకూ నాకు జరిగింది చెప్పాను. నావల్ల జరిగింది కూడా చెప్పాలి.

ఆ తర్వాత మూడేళ్ళకి ఏడో తరగతి పిల్లాడొకడు ట్యూషన్లో చేరాడు. వాడిది ప్రైవేటు బడి. తొమ్మిదో తరగతి చదివే వాళ్ళక్కది గవర్నమెంటు బడి. ట్యూషను వాడికొక్కడికే. చీకటిపడ్డాక వాణ్ణి ఇంటికి తీసుకుపోవడానికి ఆ పిల్ల వచ్చి మెట్ల మీద కూచునేది. ఒకరోజు మైనస్ మూడుని మైనస్ రెండుతో గుణించే దగ్గర వాడు ఆగిపోయాడు. ప్లస్ వస్తుందని తెలుసు, ఎందుకొస్తుందో తెలీదు. నేను బోర్డు మీద సంఖ్యారేఖ గీస్తున్నాను. మెట్ల మీద నుంచి ఆ పిల్ల అంది: "రెండ్రూపాయల అప్పులు మూడు కొట్టేస్తే మనకి ఆరు రూపాయలు మిగిలినట్టే కదరా!" వాళ్ళమ్మ డ్వాక్రా సంఘం పుస్తకంలో కంతులు చూసి రాసేది ఆ పిల్లేనట. అప్పు అంటే ఏమిటో, అది తీరితే ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు.

మర్నాటి నుంచి ఆమెని కూడా లోపల కూచోమన్నాను. ఫీజు అడగలేదు. నాలుగు నెలలు తిరక్కుండానే తమ్ముడికి లెక్కలన్నీ తనే చెప్పగలిగింది. అప్పుడు వాళ్ళ నాన్న వచ్చాడు. "పాప చెప్తా ఉంది కదా మేడమ్, ఇంగ వాన్ని పంపేదెందుకు? మీ పుణ్యమా అని ఆ డబ్బులు మిగిలినాయి" అన్నాడు కృతజ్ఞతగా. వాడు మానేశాడు. వాడితో పాటు రావడమే తప్ప తనకంటూ రావడానికి కారణం లేదు గనక ఆ పిల్లా మానేసింది.

నిజం చెప్పాలంటే నాకు ముందు పోయిన ఫీజే గుర్తొచ్చింది. ఆ తర్వాత గర్వం కలిగింది. అసలు ఏం జరిగిందో అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. అంట్లు తోమి, నీళ్ళు పట్టి, ఆ తర్వాత తమ్ముడికి లెక్కలు చెప్పడం. ఆ పిల్ల పనుల్లో నేను ఇంకొకటి చేర్చాను. ఆమె పదో తరగతి లెక్కలు ఆమెకి చెప్పేవాళ్ళు మాత్రం లేరు.

తన అవసరం లేకుండా చేసేదే మంచి టీచరని మనం అంటుంటాం. నేనూ నమ్మాను. దాన్ని ఆచరించడం ట్యూషన్ చెప్పేవాళ్ళకి అంత తేలిక కాదు. 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ బడి టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదంటుంది. పగలు సరిగా చెప్పకపోతే సాయంత్రం లాభమొచ్చే పరిస్థితి ఉండకూడదు కదా. నేను బడి టీచర్ని కాను, ఆ సెక్షను నాకు వర్తించదు. ఆ ఆశ మాత్రం నాకూ ఉంది. ఎందుకో చెప్పకుండా లెక్కని మెట్టు మెట్టుగా బట్టీ పట్టిస్తే పిల్లలు నన్ను విడిచిపోరు. అలా చేసిన రోజులున్నాయి. ఈ పిల్ల విషయంలో అలా చెయ్యలేదు. అయినా మనసు కుదుటపడలేదు.

మా చెల్లెలు కుప్పం దగ్గర గవర్నమెంటు బడిలో టీచరు. ఆ ఏడాది చివర్లో వాళ్ళ పిల్లల్ని అగస్త్య ఫౌండేషన్‌కి తీసుకెళుతుంటే నేనూ వెళ్ళాను. 1999లో మొదలైన ఆ సంస్థకి గుడివంక దగ్గర 172 ఎకరాల ఆవరణ ఉంది. పల్లె బడుల పిల్లలు అక్కడ సైన్సు ప్రయోగాలు తమ చేతులతో చేస్తారు. వ్యాన్లలో ఆ సామాను ఊళ్ళకీ పంపుతారు. అక్కడొక అమ్మాయి అట్టపెట్టెకి సూదితో చిల్లు పొడిచి, అందులో చెట్టు తలకిందులుగా ఎందుకు కనపడుతుందో తన ఈడు పిల్లలకి చెబుతోంది. అలా చెప్పే పిల్లలకి అక్కడ 'యంగ్ ఇన్‌స్ట్రక్టర్ లీడర్' అని పేరు కూడా ఉంది. పుంగనూరులో ఆ పిల్ల చేస్తున్నదీ ఇదే పని. అక్కడ గౌరవమైంది ఇక్కడ చాకిరీ ఎలా అయింది?

మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన బడుల పద్ధతి అప్పుడు గుర్తొచ్చింది. ఒకే గదిలో వేరువేరు తరగతుల పిల్లలుంటారు. పాఠాలు చిన్న చిన్న కార్డులుగా, నిచ్చెన మెట్లలా ఉంటాయి. ఎవరి మెట్టు వారిది. ముందున్న పిల్ల వెనకున్న పిల్లకి సాయం చేస్తుంది. సాయం అయ్యాక తన తర్వాతి కార్డు తనకోసం ఉంటుంది. నేను తయారుచేసిన టీచరుకి ఆ తర్వాతి కార్డు లేదు.

వాళ్ళింటికి వెళ్ళాను. "ఆడపిల్లకి ట్యూషనెందుకు మేడమ్" అన్నాడు వాళ్ళ నాన్న. రోజూ అరగంట ఆరో తరగతి పిల్లలకి లెక్కలు చెబితే, గంటసేపు నేను ఆమెకి పదో తరగతి చెబుతానన్నాను. ఊరికే అంటే ఒప్పుకోని మనిషి బదులుకి బదులంటే ఒప్పుకున్నాడు. చివరికి నేనూ ఆ పిల్ల దగ్గర పని తీసుకునే చదువు చెప్పానన్న గుచ్చు నాలో ఇప్పటికీ ఉంది. ఒకసారి ఆమెనే అడిగాను. "ఆ అరగంట బాగుంటుంది మేడమ్. ఇంటికి పోయి మళ్ళా వానికి చెప్పాల, అదే" అంది. ఆ 'అదే'ని నేను మార్చలేకపోయాను. పది పాసై ఇంటర్లో ఎం.పి.సి. తీసుకుంది.

ట్యూషన్ మొదలుపెడదామనుకునే అమ్మాయిలు నన్ను సలహా అడుగుతుంటారు. ఎంత తీసుకోవాలి, ఎంతమందిని చేర్చుకోవాలి అని. ఫీజు గట్టిగా అడగండి, అది మీ పని అని చెబుతాను. మీ దగ్గర నేర్చుకున్న ఆడపిల్ల ఇంటికి వెళ్ళి ఎవరికి చెబుతోందో, ఆమెకి ఎవరు చెబుతున్నారో కూడా కనుక్కోమంటాను.

మళ్ళీ జనాభా లెక్కలవాళ్ళు వస్తే నేనేం చేస్తానో నేనే చెబుతాను. అంట్లు తోమాక ఆ పిల్ల తమ్ముడికి చెప్పిన లెక్కల్ని ఏ గడిలో రాయించాలో మాత్రం నాకింకా తెలీదు.