ఎవరి గదిలో పైకి తంతుంది?

డ్రైనేజీ మీద వ్యాసమేమిటని కొందరు ముక్కు మూసుకోవచ్చు. వంటింటి గురించి రాసినప్పుడూ ఇలాగే అన్నారు. ఇంటిచాకిరీ గురించి మనం చాలానే రాసుకున్నాం. ఆ అంట్లనీళ్లు, సబ్బునీళ్లు తూము దాటాక ఎక్కడికి పోతాయో, దారిలో ఆగితే ఎవరేం పడతారో అంతగా రాసుకోలేదు. పదే పదే జామయ్యే ఒక మురుగు లైను నన్నో ప్రశ్న ముందు నిలబెట్టింది. తప్పెవరిదో తేలాకే బాధ్యత మొదలవుతుందా?

హైదరాబాదులో మేముండేది నాలుగంతస్తుల్లో పదహారు ఫ్లాట్లున్న అపార్ట్‌మెంటు. అందరి మురుగూ ఒకే లైనులో కలిసి వీధి మ్యాన్‌హోల్‌కి పోతుంది. రెండు మూడు నెలలకోసారి ఆ లైను పూడుకుంటుంది. అప్పుడు పై నుంచి వచ్చే నీళ్లు అన్నిటికన్నా కిందున్న తూములోంచి పైకి తంతాయి. ఆ తూము పార్కింగులో వాచ్‌మన్ కుటుంబముండే గదిది. పైన ఫ్లష్ నొక్కినవాళ్లకి ఏమీ తెలియదు. కింద వాచ్‌మన్ భార్య పదహారిళ్ల మలాన్ని తన బాత్‌రూములోంచి బకెట్లతో ఎత్తి పోస్తుంది. ఆమె చేసే ఏ పనికీ ఆమె పేరున జీతం లేదు. "ఫ్యామిలీ ఉన్న వాచ్‌మన్ కావాలి" అని మనం వెతికేది ఎందుకో తెలిసిందే కదా. ఒక జీతానికి ఇద్దరొస్తారు!

అసోసియేషన్ మీటింగులో కారణం తేలిగ్గానే తేలింది. ఆడవాళ్లు సింకులో జిడ్డు పోస్తున్నారు, జుట్టు వదిలేస్తున్నారు, ప్యాడ్లు పడేస్తున్నారు. లిఫ్టు పక్కన "లేడీస్‌కి విజ్ఞప్తి" అంటూ కాగితం అంటించారు. అందులో నిజం లేకపోలేదు. నూనె చల్లారి సబ్బుతో కలిసి గడ్డకడుతుంది. జుట్టు దానికి తోడై పీచులా అల్లుకుంటుంది. ప్యాడ్‌లోని జెల్ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. కానీ ఆ నూనెలో వేగిన కూర తిన్నదెవరు? నెలసరి రక్తం ఎవరి కంటా పడకూడదని పదకొండేళ్ల పిల్లకి నూరిపోసి, బాత్‌రూములో మూతున్న డబ్బా ఒకటి పెట్టని ఇల్లు, ఆ పిల్లకి ఫ్లష్ మీట తప్ప ఏ దారి మిగిల్చింది?

ఇంకో సంగతి. ఒకసారి జామైతే అందులో ఏం పడిందో చూడాలి. అదే చోట మళ్లీ మళ్లీ జామవుతుంటే పైపునే చూడాలి. ఎక్కడో మట్టి కుంగి వాలు పోయి ఉంటుంది, అతుకు జారి ఉంటుంది, లేదా వేరు దూరి ఉంటుంది. వెదురుబద్దతో పొడిస్తే అడ్డం మధ్యలో కాస్త కంత పడి నీళ్లు పోతాయి. పైపు గోడలకున్న జిడ్డు అలాగే ఉంటుంది, కుంగినచోట మురుగు నిలుస్తూనే ఉంటుంది. తవ్వి వాలు సరిచేయాలంటే ఫ్లాటుకింతని వేసుకోవాలి. కాగితం అంటించడానికి ఖర్చేమీ లేదు. పైగా ఓటు ఫ్లాటు ఎవరి పేరునుంటే వాళ్లది. ఎక్కువ ఫ్లాట్లు ఎవరి పేరున ఉన్నాయో చెప్పక్కర్లేదు. ఇక మురుగు ఎత్తిపోసే మనిషికి ఆ మీటింగులో కుర్చీ కూడా లేదు.

తవ్వకం వద్దనుకున్నాక వినిపించే మాట ఒకటే: "ఒకతనున్నాడు, ఐదొందలిస్తే దిగుతాడు." అతని కులం ఎవరూ అడగరు. అడగక్కర్లేదు కనుక! నిలవున్న మురుగులో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ చేరతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది, రెండు మూడు ఊపిరుల్లో మనిషి కుప్పకూలిపోవచ్చు. రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాల్వలోకి మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకూ జైలు, లేదా రెండు లక్షల వరకూ జరిమానా, లేదా రెండూ. ఆ చట్టం మున్సిపాలిటీలకే కాదు, దింపించే ప్రతి వ్యక్తికీ వర్తిస్తుంది. బెజవాడ విల్సన్ తదితరులు నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు 2014లో తీర్పిస్తూ, 1993 నుంచి ఇలా చనిపోయినవారి కుటుంబాలకి పది లక్షల చొప్పున ఇవ్వమంది. 2023లో మరో తీర్పు దాన్ని ముప్పై లక్షలు చేసింది. 2025 జనవరిలో హైదరాబాదుతో సహా ఆరు మహానగరాల్లో మనుషులతో మురుగు కాల్వలు శుభ్రం చేయించకూడదని ఆదేశించింది. ఈ పరిహారాల కోసం కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేది ఎక్కువగా భార్యలే.

"ఊరికే చేయించుకుంటున్నామా? డబ్బిస్తున్నాం, అతను ఇష్టపడే వస్తున్నాడు" అంటారు. ఈ వాక్యం మనకి కొత్తా? "ఆమె ఇష్టంగానే చేస్తోంది" అని వంటింటి గురించి తరతరాలుగా విన్నదే కదా! వేరే దారి లేనివాళ్ల ఒప్పుకోలుని ఇష్టం అనకూడదని మన బతుకుల్లోంచి నేర్చుకున్నాం. ఆ తెలివి మన గుమ్మం దగ్గరే ఆగిపోకూడదు.

ఈ లైనులో నా చోటేమిటో కూడా చెప్పాలి. ఆడదాన్ని కాబట్టి నిందలో వాటా వచ్చింది. మూడో అంతస్తుదాన్ని కాబట్టి మురుగులో రాలేదు. రెండూ ఒకేసారి నిజం. ఒకటి చెప్పి రెండోది దాస్తే నా స్త్రీవాదం కూడా లిఫ్టు పక్కన కాగితం లాంటిదే.

ఎవరి జుట్టు, ఎవరి జిడ్డు అని పదహారిళ్ల మురుగుని వేరుచేసి చూడలేం. చూడనక్కర్లేదు కూడా. నొప్పి ఎవరికి ముందు తగులుతోందో అక్కడినుంచి బాధ్యత మొదలుపెట్టాలి. అలా మొదలుపెడితే చేయాల్సినవి స్పష్టంగానే కనిపిస్తాయి. కింది గదికి వేరే లైను, మురుగు వెనక్కి తన్నకుండా వాల్వు. తవ్వి సరిచేసిన వాలు. ప్రతి బాత్‌రూములో మూతున్న డబ్బా. ఎత్తిపోసినన్ని రోజులకీ ఆమె చేతికే కూలి. మనిషి దిగడమన్నది ఎప్పటికీ ఉండదన్న తీర్మానం. సందుల్లోకి మిషను రాదన్న సాకు పాతబడింది. ఇరుకు గల్లీల కోసమని 2017లోనే ఈ నగరంలో 70 చిన్న జెట్టింగ్ యంత్రాలు దింపారు.

ఈ జాబితా రాసి సంతకాలకి పంపాను. ఇప్పటికి ఏడిళ్లవాళ్లు చేశారు, అందులో ఐదుగురు ఆడవాళ్లు. వాళ్లలో ముగ్గురి పేరున ఫ్లాటు లేదు కాబట్టి ఆ సంతకాలు చెల్లవంటున్నారు. చెల్లుతాయా లేదా అన్నది వచ్చే మీటింగులో తేల్చుకోవాలి. ఈసారి వాచ్‌మన్ భార్యకి కూడా కుర్చీ వేయమని అడుగుతున్నాం.