అడగని ప్రార్థన

"నీ కోసం ప్రార్థన చేస్తాను" అని ఎవరైనా అంటే, దేవుడి మీద నమ్మకం లేని నాలాంటివాళ్ళం ఏం జవాబివ్వాలి? వద్దంటే మొరటుతనం. సరేనంటే అబద్ధమాడినట్టుంటుంది. అసలు అడగకుండానే చేసేస్తే?

అమ్మకి గర్భసంచి ఆపరేషనైన వారం, మా పక్కింటి పెద్దమ్మ బుధవారం స్త్రీల కూటంలో అమ్మ పేరు చెప్పి ప్రార్థన చేయించింది. మర్నాడు నాకు పరిచయం లేని ఇద్దరు మజ్జిగా రాగిజావా పట్టుకొచ్చారు. అమ్మ ఆపరేషన్ సంగతి వీధంతా తెలిసిపోయింది కూడా. రెండూ ఆ ప్రార్థన వల్లే. ఒకటి ఉంచుకుని రెండోది వద్దనడానికి లేదు.

ఇంకో సంగతి చెప్పాలి. పెద్దమ్మని అమ్మ ఏనాడూ వరండా దాటి లోపలికి పిలవలేదు. వరలక్ష్మీవ్రతం తాంబూలం వీధిలో అందరికీ వెళుతుంది, ఆమెకి వెళ్ళదు. క్రైస్తవురాలు, పైగా భర్త లేడు. ఆ రెండూ కాక, పైకి అనని మూడో కారణం కులం. జాషువా 'గబ్బిలం' (1941)లో అరుంధతీసుతుడు తన మొరని శివుడికి గబ్బిలంతో పంపుకోవాల్సి వచ్చింది. అంతకు చాలా ముందే, కరువు వెనకాలే, 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలోని వెల్లంపల్లిలో 2,222 మంది ఒక్కరోజున బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. సొంత గొంతుతో నేరుగా మాట్లాడుకోగల దేవుడు దొరకడం వాళ్ళకి చిన్న విషయమా? ఆ ప్రాంతం మనిషే మా పెద్దమ్మ. తనని గడప దాటనివ్వని ఇంటి మనిషి కోసం ఆ దేవుడితో మాట్లాడింది. అందులో అమ్మ మతం మారాలన్న కోరికా ఉండే ఉంటుంది, అది నాకు నచ్చదు. జావ మాత్రం అమ్మ తాగింది. వాళ్ళ చేతి వంట మా ఇంట్లో అదే మొదటిసారి.

2006లో అమెరికాలో బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మందిపై ఒక అధ్యయనం అచ్చయింది. తమ కోసం ప్రార్థన జరుగుతోందని కచ్చితంగా తెలిసినవాళ్ళలో 59 శాతం మందికి ఆపరేషన్ తర్వాత సమస్యలొచ్చాయి. జరుగుతున్నా ఆ సంగతి రూఢిగా తెలియనివాళ్ళలో 52 శాతం మందికే. హేతువాద మిత్రులు దీన్ని తరచూ ఉదహరిస్తారు. కాకపోతే అక్కడ ప్రార్థించినవాళ్ళు ముక్కూ మొహం తెలియనివాళ్ళు. జావ తెచ్చినవాళ్ళు కాదు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది వేరే. మా కాలేజీలో నాతో పనిచేసే ఒకామె, భర్త కొడతాడని స్టాఫ్‌రూంలో ఎవరికీ చెప్పలేదు. ఆ కూటంలో 'ప్రార్థన విన్నపం'గా చెప్పగలిగింది. ఫిర్యాదు చేయలేని నోటికి విన్నపం ఒక దారి చూపించింది, ఒప్పుకుంటాను. కానీ అక్కడ వచ్చిన జవాబు, ఓర్చుకో, దేవుడు అతన్ని మారుస్తాడు అని. గృహహింస చట్టం 2006 నుంచే అమల్లో ఉంది. ఆ మాట కూటంలో ఎవరి నోటా రాలేదట. దెబ్బలు తింటున్న మనిషి చేతిలో ఓర్పు పెట్టి పంపే ప్రార్థనని అనుబంధం అనడానికి నాకు మనసొప్పదు.

పెద్దమ్మ కూడా అందరితో పాటే కళ్ళు మూసుకుని ప్రార్థించింది. తర్వాత ఆమెని తన ఇంటికి తీసుకెళ్ళి చాప పరిచింది. మర్నాడు ఇద్దరూ రక్షణాధికారి ఆఫీసుకి వెళ్ళారు. అప్పట్నుంచీ కూటంలో కొందరు పెద్దమ్మతో మాట్లాడటం మానేశారు.