పేరు అచ్చయ్యే ముందు

చి. మేనకోడలికి,



నీ ఉత్తరం అందింది. వారపత్రికలో కుదురుకుంటున్నందుకు సంతోషం. నీతోపాటు చేరినవాళ్ల గురించి రాసిన పేజీ నాకు బాగా నచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి వచ్చిన బీటెక్ కుర్రాడు, గ్రూప్స్‌కి చదువుకుంటూ ఖర్చులకని చేరిన అమ్మాయి, సినిమా కథలు రాయాలని కాచుకుని ఉన్నవాడు, సిరిసిల్లలో సాంచెల (మరమగ్గాల) చప్పుడు మధ్య పెరిగిన కవి. “వీళ్లందరికీ ఏదో ఒకటుంది మావయ్యా. మాది కిరాణా కొట్టు, నాది తెలుగు మీడియం, మామూలు డిగ్రీ. నాకేముంది?” అని అడిగావు.

పత్రికలోకి రావడానికి ఫలానాదే దారి అని మన దగ్గర ఎన్నడూ లేదమ్మా. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో అమృతాంజనం వ్యాపారి. 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టారు. ఆడవాళ్ల కోసం ‘గృహలక్ష్మి’ నడిపిన కె.ఎన్. కేసరి ఆయుర్వేద వైద్యులు. ముళ్లపూడి వెంకటరమణ కాలేజీ గడప తొక్కకుండానే చిన్నాచితకా ఉద్యోగాలు చేసి ఆంధ్రపత్రికలో సబ్ ఎడిటర్ అయ్యారు. అదే పత్రికకు కార్టూన్లు వేసిన ఆయన స్నేహితుడు బాపు న్యాయశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నవాడు. చందమామ కథలకు ఆ నడక నేర్పిన కొడవటిగంటి కుటుంబరావు చదివింది ఫిజిక్స్. ఈ వరసలో కిరాణా కొట్టువాళ్ల అమ్మాయి నిలబడితే ఎవరికీ వింతగా ఉండదు.

నీకేముందో నేను చెబుతాను. పంట చేతికొచ్చేదాకా ఖాతా మీద నడిచే ఇళ్లు నీకు తెలుసు. అరకిలో పప్పు తూకం వేయించుకుని, చిల్లర లెక్క చూసుకుని, పావుకిలో చాల్లెమ్మని వెనక్కిచ్చే మనిషి ముఖం తెలుసు. ధరల మీద వ్యాసం రాయమంటే నీ పక్కవాడు గణాంకాల దగ్గర మొదలుపెడతాడు, నువ్వు ఆ ముఖం దగ్గర మొదలుపెట్టగలవు. అయితే ఒకటి గుర్తుంచుకో. అప్పు పెట్టిన మనిషిని నువ్వు కౌంటరుకు ఇవతలి నుంచే చూశావు. ఆ మనిషి ఇంటికెళ్లి ఏం చెప్పుకునేదో, మీ నాన్నను ఏమని తలుచుకునేదో నీకు తెలియదు. పుట్టిన చోటు ప్రతివాళ్లకూ కొన్ని మాటలు వినిపిస్తుంది, కొన్ని వినిపించకుండా చేస్తుంది. ముందు ఆ రెండోవాటిని వెతుక్కుంటూ వెళ్లు.

డెస్కులకు ఒక అలవాటుంది. నేత కార్మికుల కష్టమంటే సిరిసిల్ల కుర్రాడికి, ఆడవాళ్ల పేజీ అంటే నీకు, దళితవాడ కథనమంటే ఆ వాడ నుంచి వచ్చినవాడికి అప్పజెబుతారు. అందులో న్యాయం లేకపోలేదు. చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల మహిళలే విలేఖరులై ‘నవోదయం’ పత్రిక నడిపినప్పుడు వాళ్ల ఊరి సంగతి వాళ్లకన్నా ఎవరికి బాగా తెలుసు? కానీ వేరేవాళ్లు గిరిగీసి అక్కడే ఉండమంటే అది వేరే సంగతి. ఇచ్చిన పని ఎవరూ వేలెత్తి చూపలేనట్టు చేసి, ఆ తర్వాత బడ్జెట్ మీద రాస్తానని అడుగు. ఆ కవిని కూడా అడగమని చెప్పు.

పుట్టిన చోటును ఎవరైనా చులకన చేస్తే ఏం చేయాలో సురవరం ప్రతాపరెడ్డి చేసి చూపించారు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాట వచ్చింది. గోలకొండ పత్రిక నడుపుతున్న ఆ లాయరు తిట్టుకు తిట్టు రాసి ఊరుకోలేదు. ఊరూరి నుంచీ కవుల పద్యాలు, వివరాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేశారు. ఆ మాట అన్నవాళ్లకు మళ్లీ నోరు లేవలేదు.

ఇక ఆశయాల సంగతి. పత్రికను మెట్టుగా వాడుకుంటున్నారని సినిమా కుర్రాడి మీదా, గ్రూప్స్ అమ్మాయి మీదా నీకు కొంచెం చిరాకున్నట్టుంది. వదిలెయ్. రమణ కూడా సినిమాకే వెళ్లారు. ఉద్యోగం మెట్టయితే తప్పులేదు. వ్యాసంలోని మనిషి మెట్టు కాకూడదు. అప్పులపాలై చనిపోయిన రైతు భార్య నీతో మాట్లాడుతుంది. అప్పు ఎంతో, ఎవరి దగ్గరో చెబుతుంది. ఆ అప్పిచ్చినవాడు కూడా పత్రిక చదువుతాడు. “ఇది అచ్చేస్తే నీకు ఇబ్బందా అమ్మా?” అని అడగడానికి టీవీవాళ్లకు సాయంత్రం లోపు వ్యవధి ఉండకపోవచ్చు. వారపత్రికకు ఉంటుంది. ఆ వ్యవధిని శీర్షిక చెక్కడానికే ఖర్చుపెట్టకు.

ప్రెస్‌మీట్లలో చేతిలో పెట్టే కవర్ల గురించి అడిగావు. తీసుకోకు, అంతే. కానీ తీసుకున్న సహోద్యోగికి నీతులు చెప్పేముందు ఒకటి చూడు. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకునేవాడికీ, ఇంటికి డబ్బు పంపేవాడికీ నిజాయితీ ఒకే ధరకు దొరకదు. నెలాఖరులో వాడికి అద్దె కట్టే దారి లేకపోతే చేబదులివ్వు. ఆ తర్వాత మాట్లాడితే నీ మాట చెవికెక్కుతుంది.

పేరు మీద ఆశ ఉండటం సహజం. కుటుంబరావు 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామను తీర్చిదిద్దారు, సంపాదకుడిగా ఆయన పేరు మాత్రం అందులో కనిపించేది కాదు. నిన్ను అలా ఉండమని చెప్పను. బైలైన్ అడుగు, జీతమూ అడుగు. ఆశయం ఉన్న పిల్లలకు జీతం తక్కువిచ్చినా పని నడుస్తుందని లెక్కలు వేసే యాజమాన్యాలుంటాయి. పత్రిక పేరు మీద మాత్రం జీవితం మొత్తం కుదువపెట్టకు. దశాబ్దాలు నడిచిన చతుర, విపుల పత్రికలు 2021లో ఆగిపోయాయి. వాటిలో రాయడం నేర్చుకున్నవాళ్ల చేతి పని వాళ్ల దగ్గరే మిగిలింది.

వచ్చే సంచికలో నీ వ్యాసం పడితే మొదటి ప్రతి, నువ్వు ఎవరి గురించి రాశావో వాళ్లకు పంపు. చదువు రాకపోతే వెళ్లి చదివి వినిపించు. వాళ్లు తప్పు పట్టినచోట గుర్తుపెట్టుకో. నాకు తర్వాత పంపినా ఫరవాలేదు.

ఆశీస్సులతో,
మీ మావయ్య