వెనుదిరగడమూ బాధ్యతే

చలికాలంలో కొండెక్కేవారు శిఖరం చేరకుండానే దిగివచ్చేయడం అరుదేమీ కాదు. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని వైట్ మౌంటెన్స్‌లో ఏళ్ల తరబడి తిరిగిన చాలామంది ఏదో ఒక రోజు అలా వెనక్కి వచ్చినవారే. బోస్టన్ పరిసరాల్లోని తెలుగు కుటుంబాలకు ఈ కొండలు కారులో రెండున్నర, మూడు గంటల దూరం. వేసవిలో పిల్లలతో వెళ్లివచ్చిన ట్రెయిలే కదా అని జనవరిలో బయలుదేరితే, అక్కడ ఎదురయ్యేది పూర్తిగా వేరే కొండ.

వీటిలో ఎత్తయిన మౌంట్ వాషింగ్టన్ 6,288 అడుగులే. హిమాలయాల పక్కన లెక్కలోకి రాని ఎత్తు. అయినా 1934 ఏప్రిల్ 12న శిఖరం మీది అబ్జర్వేటరీ గంటకు 231 మైళ్ల వేగంతో వీచిన గాలిని నమోదు చేసింది. 2023 ఫిబ్రవరిలో అక్కడి ఉష్ణోగ్రత మైనస్ 47 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పడిపోయింది. గాలి తాకిడిని కలుపుకుంటే ఒంటికి తెలిసే చలి మైనస్ 108 డిగ్రీలు.

సుమారు 4,400 అడుగుల దగ్గర చెట్లు ఆగిపోతాయి. అంతవరకు అడవి గాలిని అడ్డుకుంటుంది. ఎక్కే శ్రమకు చెమట పట్టి లోపలి బట్టలు తడుస్తాయి. చెట్లు దాటగానే ఆ తడిబట్టల మీదే గాలి విరుచుకుపడుతుంది. సున్నా డిగ్రీల ఫారెన్‌హీట్ చలిలో గంటకు 30 మైళ్ల గాలి తోడైతే అది మైనస్ 26తో సమానం. బయటికి కనిపించే చర్మం అరగంటలో గడ్డకట్టవచ్చు. మబ్బు కమ్ముకుంటే దారి చూపే రాళ్ల గుట్టలు ఒకటి దాటాక మరొకటి కనిపించవు.

శరీరం ముందే హెచ్చరిస్తుంది. వేళ్లు జాకెట్ జిప్పు పట్టుకోలేవు. మాట ముద్దగా వస్తుంది. చదునైన చోట కూడా కాలు తూలుతుంది. కారణం లేకుండా చిరాకు పుడుతుంది. ఒంట్లోని వేడి 95 డిగ్రీల కంటే తగ్గితే అది హైపోథర్మియా. ఒళ్లు వెచ్చబడకుండానే వణుకు ఆగిపోతే ప్రాణాపాయం దగ్గరపడినట్టే. చలికి మెదడు మందగిస్తుంది కాబట్టి బాధపడేవారికి తమ స్థితి తెలియదు, పక్కవారే కనిపెట్టాలి. సామాను కూడా సంకేతాలిస్తుంది. చలికాలంలో నీళ్ల సీసాను తలకిందులుగా సర్దుకుంటారు. నీరు పైనుంచి గడ్డకడుతుంది కనుక అలా పెడితే మూత బిగుసుకుపోదు. ఆ జాగ్రత్త తీసుకున్నా నీళ్లు మంచుముద్ద అయ్యాయంటే, ఇక ముందుకు వెళ్లే ఆలోచన మానుకోవాల్సిందే.

వెనుదిరిగే నిర్ణయం కొండ మీద కంటే ఇంట్లో తేలిగ్గా కుదురుతుంది. డిసెంబరు చివర్లో అక్కడ సాయంత్రం నాలుగుంబావుకే పొద్దు గుంకుతుంది. ఉదయం ఏడింటికి నడక మొదలుపెట్టేవారు, ఎక్కడున్నా సరే పన్నెండింటికి వెనక్కి తిరగాలని ముందే అనుకోవాలి. గాలి ఎంత వేగం దాటితే చెట్లు దాటి పైకి వెళ్లకూడదో కూడా అప్పుడే తేల్చుకోవాలి. పొద్దున్నే అబ్జర్వేటరీ ఇచ్చే శిఖరాల వాతావరణ సూచన చూసుకోవాలి. తెల్లవారుజామున లేచి అంతదూరం వచ్చాక, ఇంకో అరమైలే ఉందనగా మనసు సాకులు వెతుకుతుంది. ముందే పెట్టుకున్న గడువు ఆ బేరాలకు తావివ్వదు.

తెలుగువారి బృందాల్లో ఇంకో చిక్కు మొహమాటం. పెద్దవారు ముందు నడుస్తుంటే ఆగుదామని చిన్నవారు అనరు. కారు తెచ్చినవారి ఉత్సాహం మీద నీళ్లు చల్లడం ఇష్టంలేక, వేళ్లు మొద్దుబారినవారు కూడా "పర్లేదన్నా, పదండి" అంటారు. మొదలుపెట్టిన పని మధ్యలో వదలకూడదన్న పెంపకం, పరాయిదేశంలో నిలదొక్కుకోవడానికి పనికొచ్చిన పట్టుదల, రెండూ కలిసి ఆ నోరు నొక్కేస్తాయి. అందుకే పెద్దరికం వహించేవారు ఆగిన ప్రతిచోటా ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడగాలి. ఏ ఒక్కరు తిరిగిపోదామన్నా అందరూ తిరగాలి. అలసినవారిని ఒంటరిగా కిందికి పంపకూడదు, దారిలో కూర్చోబెట్టి పోకూడదు. వెనక్కి తిప్పినవారిని తరువాత ఆటపట్టించకూడదు. ఆటపట్టిస్తే మరోసారి ఎవరూ నోరు విప్పరు.

ఈ నిర్ణయం కొండెక్కినవారికి మాత్రమే సంబంధించింది కాదు. 1982 జనవరిలో 17 ఏళ్ల హ్యూ హెర్, అతని మిత్రుడు మౌంట్ వాషింగ్టన్ మీద మంచుగోడ ఎక్కడం ముగించి శిఖరం వైపు సాగారు. తుపానులో దారితప్పి అవతలి లోయలోకి దిగిపోయారు. వారిని వెతకడానికి వెళ్లిన స్వచ్ఛంద సేవకుడు ఆల్బర్ట్ డౌ జనవరి 25న హిమపాతంలో చిక్కి మరణించాడు. దారితప్పిన మూడు రాత్రుల తరువాత ఆ యువకులు ప్రాణాలతో దొరికారు. హెర్‌కు రెండు మోకాళ్ల కిందా కాళ్లు తీసేయాల్సి వచ్చింది. తరువాత అతను ఎంఐటీలో కృత్రిమ అవయవాల పరిశోధకుడై ఎందరినో నడిపించాడు. డౌ వయసు 28 ఏళ్లు. తాను వెతుకుతున్నవారితో అతనికి పరిచయం లేదు.

ఇప్పటికీ అక్కడ ఎవరైనా తప్పిపోతే వెతికేది ఫిష్ అండ్ గేమ్ శాఖ అధికారులు, జీతం ఆశించని స్థానికులు. రాత్రివేళ, అదే గాలిలో స్ట్రెచర్ మోసేది వారే. నిర్లక్ష్యం వల్ల ఆపదలో పడ్డవారి నుంచి రాష్ట్రం ఖర్చు వసూలు చేయవచ్చు. 2015లో వచ్చిన హైక్ సేఫ్ కార్డు కొన్నవారికి ఆ ఖర్చు నుంచి మినహాయింపు ఉంటుంది, కార్డు అమ్మిన సొమ్ము సహాయక చర్యలకు వెళుతుంది. అయితే మోసేవారి ప్రాణభయానికి ఏ కార్డూ బదులు కాదు. స్థిరపడిన నేల మీది మనుషుల పట్ల వలస వచ్చినవారికున్న బాధ్యతలో, వారిని అనవసరంగా ప్రమాదంలోకి లాగకపోవడం కూడా ఒక భాగం.

తిరిగాక కూడా తొందరపడకూడదు. ముందుగా పొడి బట్టలు వేసుకుని, ఏదైనా తిని, వేడినీళ్లు తాగాలి. బూట్లకు తొడిగిన మైక్రోస్పైక్స్ విప్పకూడదు, అలసిన కాళ్లు జారేది దిగేటప్పుడే. హెడ్‌ల్యాంప్ బ్యాటరీలను లోపలి జేబులో వెచ్చగా ఉంచుకోవాలి. వచ్చిన దారినే, అందరూ కలిసి దిగాలి. ఏ ట్రెయిల్‌లో వెళుతున్నారో, ఎన్నింటికి వస్తారో బయలుదేరేముందు ఇంట్లో చెప్పి ఉంటారు కాబట్టి, సిగ్నల్ అందగానే క్షేమంగా దిగామని వారికి ఫోన్ చేయాలి. ఆ ఒక్క ఫోన్ అందకపోతే, కొండకు వెళ్లినవారిని వెతకడానికి మరెవరో బయలుదేరాల్సి వస్తుంది.