ఉన్న ఊరి చరిత్ర

వర్జీనియాలోని యాష్‌బర్న్‌లో ఇల్లు కొన్న ప్రతి తెలుగు కుటుంబం దస్తావేజూ లీస్‌బర్గ్ కోర్టులోనే రిజిస్టరవుతుంది. లౌడన్ కౌంటీకి అదే కేంద్రం. అయినా ఆ ఊరితో మన పరిచయం చాలావరకు షాపింగు దగ్గరే ఆగిపోతోంది. పిల్లలకు ఓరుగల్లు గురించి, హంపి గురించి చెబుతాం, చెప్పాలి కూడా. వాళ్ళు పుట్టి పెరుగుతున్న ఊరి సంగతి మాత్రం మనకే తెలియదు.

1757లో ఫెయిర్‌ఫాక్స్ నుంచి విడదీసిన ఈ కౌంటీకి అప్పటి వర్జీనియా గవర్నరు లౌడన్ ప్రభువు పేరు పెట్టారు. మరుసటి ఏడాది, రెండు పాత బాటలు కలిసే చోట నికొలస్ మైనర్‌కున్న 60 ఎకరాల్లో లీస్‌బర్గ్ ఊరు వెలిసింది. మొదట రెండో జార్జి రాజు పేరుతో జార్జ్ టౌన్ అన్నారు. తర్వాత లీ వంశం పేరు స్థిరపడింది.

1776 ఆగస్టు 12న ఇక్కడి కోర్టు మెట్ల మీద స్వాతంత్ర్య ప్రకటనను జనానికి చదివి వినిపించారు. మనుషులంతా సమానమని చాటిన ఆ ఆవరణలోనే బానిసలను వేలం వేసేవారు. ఈ రెండూ కలిపి చెబితేనే ఆ ఊరి కథ నిజమైన కథ అవుతుంది. 1933లో జార్జ్ క్రాఫర్డ్ అనే నల్లజాతి నిందితుడి తరఫున చార్ల్స్ హామిల్టన్ హ్యూస్టన్ నాయకత్వంలో నల్లజాతి న్యాయవాదులు ఇక్కడి కోర్టులోనే వాదించారు. జ్యూరీలోకి నల్లవారిని రానివ్వకపోవడాన్ని హ్యూస్టన్ నిలదీశాడు. క్రాఫర్డ్‌కు మరణశిక్ష తప్పింది, యావజ్జీవం పడింది. మరో ముప్పై ఏళ్ళు గడిచినా, నల్ల పిల్లలను ఈతకు రానివ్వాల్సి వస్తుందని ఊళ్ళోని కొలనును రాళ్ళతో, కాంక్రీటుతో పూడ్చేశారు. ఈ రోజు ఏ తేడా లేకుండా మన పిల్లలు ఈత నేర్చుకుంటున్నారంటే, ఆ హక్కు కోసం కొట్లాడినవాళ్ళకు మనమూ రుణపడ్డాం.

నన్ను బాగా కదిలించింది మాత్రం ఒక గుమాస్తా కథ. అంతర్యుద్ధం ముంచుకొచ్చినప్పుడు కోర్టు క్లర్కు జార్జ్ ఫాక్స్ రికార్డులన్నీ బండికెత్తించి, దూరాన ఉన్న క్యాంప్‌బెల్ కౌంటీకి చేర్చాడు. 1865లో తిరిగి తెచ్చాడు. వర్జీనియాలో ఎన్నో కౌంటీల కాగితాలు ఆ యుద్ధంలో బూడిదయ్యాయి. లౌడన్‌వి 1757 నుంచీ నిలిచాయి. వాటిలో భూముల పత్రాలున్నాయి, వీలునామాలున్నాయి. పశువులు, పరుపులతో పాటు వరుసలో వెల కట్టి రాసిన బానిసల పేర్లూ ఉన్నాయి. తమ తాతముత్తాతల జాడ వెతుక్కునే నల్లజాతి కుటుంబాలకు ఒక్కోసారి ఆ ఒక్క పంక్తే ఆధారం.

కాగితం విలువ మనకు కొత్త కాదు. కావలి బొర్రయ్య వంటివారు కంపెనీ సర్వే అధికారి మెకంజీ కోసం ఊరూరా తిరిగి సేకరించిన కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు, లేకపోతే ఎన్నో తెలుగు గ్రామాల చరిత్ర మనకు దక్కేది కాదు. ఆ వారసులమైన మనం ఈ ఊరి కైఫీయతునూ చదవాలి. ఉన్న ఊరు కన్నతల్లి అన్నారు మన పెద్దలు. సంస్కృతి అంటే పండగలూ పాటలే కాదు, మనం నిలబడ్డ నేలను ఎరిగి ఉండటం కూడా.

పాత రికార్డులు చూడటానికి లీస్‌బర్గ్ కోర్టుకు ఎవరైనా పనిదినాల్లో వెళ్ళవచ్చు. ఈ వేసవి సెలవుల్లో పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకెళ్ళండి. మీ ఇల్లున్న నేల ఒకప్పుడు ఎవరిదో, దాన్ని ఎవరు దున్నారో వాళ్ళతోనే వెతికించండి.