పెంటకుప్పకు పేరుండేది

పెళ్లికని ఇచ్చోడ పోతున్నాం. కరీంనగర్‌లో ఆదిలాబాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, కిటికీ పక్క సీటు తనకుంచుకుని, టిఫిన్ సంచి కాళ్ల సందున సర్దుకుని కాకా అడిగాడు: “ఇప్పుడు ఎన్ని బుట్టలంటున్నరు బిడ్డా?”

కాకా ముప్పై ఏళ్లకు పైగా ఒక మున్సిపాలిటీలో జవానుగా చేసి రిటైరైనవాడు. జవాను అంటే బయటి జిల్లాలవాళ్లు సిపాయి అనుకుంటారు. మా దిక్కు, తెల్లవారుజామున చీపుళ్లవాళ్లకు హాజరు వేసి, గల్లీలు పంచేవాడు జవాను. నేను లా కాలేజీలో పర్యావరణ చట్టం చెబుతాను. ఇద్దరిదీ ఒకటే సబ్జెక్టని కాకా నమ్మకం. తనది ప్రాక్టికల్, నాది థియరీ అంటాడు.

“నాలుగు,” అన్నాను. “తడి, పొడి, శానిటరీ. నాలుగోది ప్రత్యేకంగా చూడాల్సిన చెత్త. ట్యూబులైట్లు, పాత మందులు, పెయింటు డబ్బాల వంటివి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త రూల్స్.”

“నేను నౌకరిల చేరినప్పుడు ఒక్కటే బుట్ట. గది సుత మాదే, ఇండ్లది కాదు. 2000ల రూల్స్ వచ్చినయన్నరు. 2016ల మూడు బుట్టలన్నరు. ఇప్పుడు నాలుగు. బుట్టలు పెరుగుతున్నయి గని, గుట్ట తరుగుతలేదు.”

గుట్ట అంటే ఏమిటో కరీంనగర్ వాళ్లకు చెప్పనక్కర్లేదు. బైపాస్ పక్కన, మానేరు ఒడ్డున ఏళ్ల తరబడి పోసిన చెత్త. ఎండాకాలం వస్తే దానికదే అంటుకుంటుంది, పొగ ఊరిమీదికి నడిచొస్తుంది. 2017లో స్మార్ట్ సిటీల జాబితాకెక్కిన ఊరు ఇది. ఆ పాత దిబ్బను తవ్వి, జల్లెడ పట్టి, మట్టిని, ప్లాస్టిక్‌ను వేరుచేసే బయోమైనింగ్ పనీ మొదలుపెట్టారు. తవ్వే చోట తవ్వుతుంటే, పోసే చోట పోస్తూనే ఉన్నారు.

అయినా నేను రూల్స్ పక్షానే మాట్లాడాను. పాఠం చెప్పేవాడికి అది అలవాటు. అల్మిత్రా పటేల్ అనే ఆవిడ 1996లో సుప్రీంకోర్టుకు పోకపోతే 2000 నాటి రూల్సే లేవు. అవి మున్సిపాలిటీలకే పరిమితం. 2016లో రైల్వేలు, విమానాశ్రయాలు, పారిశ్రామిక వాడల దాకా వచ్చాయి. ఇప్పుడు రోజుకు 100 కిలోలు, అంతకు మించి చెత్త చేసే అపార్టుమెంట్లు, హోటళ్లు తమ తడి చెత్త తామే చూసుకోవాలంటున్నారు. ఎంత నెమ్మదిగానైనా ముందుకే పోతున్నాం కదా?

“రూలుల మనల్ని ఏమని రాస్తరు?”

“ఎవరిని?”

“ఇండ్లోళ్లను.”

“వ్యర్థాల ఉత్పత్తిదారు.”

కాకా నవ్విన నవ్వుకు ముందు సీట్లో పిల్లగాడు వెనక్కి తిరిగి చూశాడు. “మీ చిన్నమ్మ వింటే కొడ్తది. ఫ్యాక్టరీ పెట్టినట్టే అయిపాయె.”

కొంచెం ఆగి తనే అన్నాడు. “పెంట అంటే ఇప్పుడు ముక్కు మూసుకుంటరు. మా నాయనున్నప్పుడు ఎవరి పెంటకుప్ప వాళ్లదే. మనది చింతచెట్టు కింద. పేడ, కొట్టంల ఊడ్సిన గడ్డి, పొయ్యిల బూడిద, ఇంట్ల ఊడ్సింది, అంత మీ నాయనమ్మ గంపల ఎత్తుకపోయి అండ్లనే పోసేది. మిర్గం రాకముందే బండ్లు కట్టి చేన్లకు తోలుడు. పక్కోని కుప్పలకెల్లి ఒక గంప ఎత్తినా పంచాయితే. అన్నదమ్ములు పాలు పంచుకుంటే చూసిన నేను. భూమి, ఎడ్లు, కొట్టం అన్ని రాసినంక, పెంటకుప్ప ఎవరికని రెండు పూటలు కూసున్నరు. పెంటకుప్పకు పేరుండె బిడ్డా. ఫలానోళ్ల పెంట అనేటోళ్లు. ఈ గుట్టకు ఏం పేరున్నది? ఊరంత పోసిండ్రు, ఒక్కనిది గూడ కాదు.”

నేను క్లాసులో ఒక గంట తీసుకునే మాట అది. వస్తువు చెత్తయ్యేది చెడిపోయినప్పుడు కాదు, నాది కాదని మనం వదిలినప్పుడు. నా చేతిలోని అరటితొక్క ఇంకా నాదే. కిటికీ దాటితే ఎవరిదీ కాదు. రూల్స్ ఎన్నిసార్లు మార్చినా చేయబోయేది ఒకటే, చేయి వదిలిన తర్వాత కూడా వస్తువుకు పేరు అంటిపెట్టుకుని ఉండేట్టు చూడటం.

కానీ కాకా చెప్పినదాంట్లో ఒక మూల నాకు నచ్చలేదు. ముసలివాళ్ల జ్ఞాపకాల్లో ఊళ్లు ఎప్పుడూ కడిగినట్టే ఉంటాయి.

“ఆ ఊళ్లోనే చచ్చిన గొడ్డును ఎవరెత్తారు కాకా? టౌన్లో పాయఖానాల తట్ట ఎవరు మోశారు? వాటికి ఎవరి పేరూ లేదు కదా. ధర ఉన్నదానికి యజమాని దొరికాడు. ధర లేనిదాన్ని ఒక కులం నెత్తిన పెట్టారు. చేత్తో మలం ఎత్తించొద్దని 1993లో ఒకసారి, చాలదని 2013లో ఇంకోసారి చట్టం చేయాల్సొచ్చింది.”

జగిత్యాల దాటి కోరుట్ల వచ్చేదాకా కాకా మాట్లాడలేదు. సీసాలో నీళ్లు తాగి మూత బిగించి అన్నాడు: “నా హాజరు పుస్తకంల ముప్పై నాలుగు పేర్లుండె. అందరు రెండే వాడకట్టులకెల్లి వచ్చినోళ్లు. ఇన్నేండ్లల్ల ఇంకో వాడకట్టోడు ఒక్కడు చీపురు పట్టలే. రూలుల కులం లేదు. పుస్తకంల ఉండె.”

ఆ తర్వాత ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

మెట్‌పల్లిలో ముందు సీటు పిల్లగాడికి వాళ్లమ్మ ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్ కొనిచ్చింది. వాడు అడుగున మిగిలిన పొడి దాకా దులుపుకుని తిన్నాడు. ఆమె చేయి కిటికీ వైపు పోతుండగా కాకా చేయి అడ్డం పోయింది. “ఇటియ్యమ్మా, నాకు పనున్నది.” ఆమె వింతగా చూసి ఇచ్చింది.

కాకా దాన్ని నిలువునా చింపి, తిరగేసి మోకాలిమీద పరిచాడు. లోపల వెండిలా మెరుస్తోంది. మూలన గోరు పెట్టి పొర లేపబోయాడు, రాలేదు. “ఇగో, ఇదీ నన్ను ఓడగొట్టింది. నీళ్ల సీసా రోడ్డు మీద పడితే పది నిమిషాలుండదు, ఎవరో ఒకరు ఏరుకుంటరు. అట్ట, ఇనుము, పాలకవరు, అన్నిటికి పాత సామాన్ల దుకాణంల రేటున్నది. ఆడోళ్ల తల దువ్విన వెంట్రుకలకు సుత గిన్నెలిచ్చేటోళ్లున్నరు. దీనికి రేటు లేదు. తూకంల వెయ్యనియ్యడు సేటు.”

ప్లాస్టిక్ పొరలను, సన్నని లోహపు పూతను కలిపి అతికిస్తారు. గాలి, తేమ లోపలికి పోకుండా అదే కాపాడుతుంది. మళ్లీ విడదీయలేకపోవడానికి కారణమూ అదే. 2022 జులై 1 నుంచి దేశమంతా స్ట్రాలు, ప్లాస్టిక్ చెంచాలు, చెవుల్లో పెట్టుకునే పుల్లలు నిషేధించారు. చిప్స్ ప్యాకెట్‌ను నిషేధించలేదు. దాన్ని ఉత్పత్తిదారు బాధ్యత కిందికి తెచ్చారు. కంపెనీ ఎంత ప్లాస్టిక్ బజారులో వదిలిందో, ఏటా నిర్ణయించిన మేరకు అంత ప్లాస్టిక్ శుద్ధికి పోయినట్టు చూపాలి. తానే ఏరాల్సిన పని లేదు, ఏరి శుద్ధి చేసినవారి దగ్గర సర్టిఫికెట్ కొనుక్కోవచ్చు. ఇక సిమెంటు ఫ్యాక్టరీలు బొగ్గుకు బదులు ఇలాంటి కాలే చెత్తను 5 శాతంతో మొదలుపెట్టి ఆరేళ్లలో 15 శాతం దాకా వాడాలని కొత్త రూల్స్. బసంత్‌నగర్, దేవాపూర్ కొలిమిలు మన పక్కనే ఉన్నాయి.

“అంటే ఇది బసంత్‌నగర్ దాకా నడిచిపోతదా?”

“ఎవరో ఒకరు పొడి బుట్టలో వెయ్యాలి, ఇంకొకరు లారీ ఎక్కించాలి.”

“గదే అంటున్న. ముందటి చెయ్యి లేకుంటే ఎనుకటి చెయ్యి ఏం పడ్తది?”

కాకా అద్దాలు పెట్టుకుని ప్యాకెట్ మళ్లీ బయటివైపు తిప్పాడు. బస్సు ఊగుతుంటే వేలు పెట్టి ఒక్కో వరుసా చదివాడు. తయారైన తేదీ, ధర, ఉప్పెంత, నూనెంత, కంపెనీ పేరు, ఊరు, పిన్‌కోడు. “చూసినవా, పేరున్నది, ఊరున్నది, ఫోను నంబరు సుత ఉన్నది. మా పెంటకుప్పకన్న మంచిగనే రాసిండ్రు. మల్ల ఉత్పత్తిదారంటే మీ చిన్నమ్మ ఎట్లయితది?”

“అట్లని ఇంటోళ్లను వదిలేద్దామా?”

“ఎందుకిడిసిపెడ్తం? గంపకు రెండు కొసలు. ఇద్దరు పట్టాలె. ఒకన్నే పట్టుమంటే వాడు మోరీల కుమ్మరిస్తడు.”

సోన్ దగ్గర గోదావరి దాటాం. ఎండాకాలపు గోదావరి, ఇసుక మేటల మధ్య నీటి పాయలు. ఇదే నది కిందికి పోతే రామగుండం. 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం. కరెంటు తీగలెక్కి దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ పోతుంది. బూడిద మాత్రం కుందనపల్లి చెరువులో ఉండిపోతుంది. మన బొగ్గు పది టన్నులు కాలిస్తే మూడు నాలుగు టన్నులు బూడిదే.

బూడిద మీద కాకాకు నాకన్నా ఎక్కువ తెలుసు. చిన్నమ్మ పుట్టిల్లు ఆ దిక్కే. “అప్పట్ల ఊరికే తీస్కపోమ్మన్నా ఎవ్వడు రాకపోతుండె. ఇటుకలకన్నరు, సిమెంటుకన్నరు, రోడ్లకన్నరు. ఇగ లారీల లైను చూడాలె.”

లైనుకు కారణం ఒక నోటిఫికేషన్. బూడిద వాడకం మీద మొదటి ఉత్తర్వు 1999లో వచ్చింది. 2021 డిసెంబర్ 31 నాటి ఉత్తర్వు దానికి పళ్లు తొడిగింది. బూడిదంతా వాడి తీరాలి, వాడకుండా మిగిల్చిన ప్రతి టన్నుకు 1,000 రూపాయలు కట్టాలి. నేను క్లాసులో గర్వంగా చెప్పే ఉదాహరణ ఇది. రూలు సరిగ్గా రాస్తే చెత్త సరుకవుతుందని.

“మంచిదే,” అన్నాడు కాకా. “మరి తాడిపత్రి కప్పకుండ పోయిన లారీకెల్లి రాలిన బూడిద ఎవరిది? చెరువుల ఉన్నది కంపెనీది, లారీల ఉన్నది గుత్తేదారుది. మీ చిన్నమ్మ తమ్మునింట్ల అన్నం గిన్నె మీద పడ్డది ఎవరిది?”

దానికి నా దగ్గర జవాబు లేదు. సరుకైతే యజమాని వస్తాడనుకున్నాను. వచ్చినవాడు లాభం ఉన్నంత మేరకే యజమాని, రాలిపోయిన గుప్పెడు మళ్లీ అనాథే. కరీంనగర్ గ్రానైటూ అంతే. దిమ్మలు ఓడలెక్కి చైనాకు పోయాయి. పగిలిన రాళ్ల గుట్టలూ, కోత మిషన్ల నుంచి కారే తెల్లటి బురదా ఇక్కడ ఉండిపోయాయి.

“జరిమానాలు ఎయ్యరా మరి?”

“వేస్తారు. చెత్త, మురుగునీరు సరిగ్గా చూడలేదని 2022 అక్టోబర్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ తెలంగాణ మీద సుమారు 3,800 కోట్లు వేసింది.”

“ఎవరి మీద?”

“రాష్ట్రం మీద.”

“రాష్ట్రం అంటే ఎవలు? పొగ పీల్సినోడే పైసలు కట్టాల్నా?”

నిర్మల్ దాటాక ఘాటు. మలుపుల దగ్గర గోడలమీద కోతులు వరుసగా కూర్చుని ఉన్నాయి. ఆగిన ఒక కారులోంచి బిస్కెట్లు పడ్డాయి, వెనకే ప్యాకెట్టూ పడింది. ఒక పిల్లకోతి ప్యాకెట్‌ను తిప్పి తిప్పి చూసి, లోపలి మెరిసే వైపు నాకి, పారేసింది. కాకా ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

పెళ్లిపందిట్లో భోజనాలు మందపాటి కాగితం ప్లేట్లలో. కాగితమే, పైన ప్లాస్టిక్ పూత. చుట్టూ మోదుగు అడవి ఉన్న జిల్లా ఇది. కాకా ప్లేటు అంచు గీకి చూసి, నా వైపు చూసి, తిన్నాడు. ఆడపిల్లవారి తరఫు పెద్దమనిషి ఒకాయన పక్కన కూర్చుని, ఇదే మండలంలోని ముఖ్రా (కే) సంగతి చెప్పాడు. 2019లో పల్లె ప్రగతి వచ్చాక ఊరూరికి ట్రాక్టరు, డంపింగ్ యార్డు, కంపోస్టు షెడ్డు ఇచ్చారు. చాలా చోట్ల షెడ్డు తలుపు తీసిన దాఖలా లేదు. ముఖ్రా (కే) వాళ్లు తీశారు. తడి చెత్తను వానపాములకేసి, ఎరువు అమ్మి, ఆ పైసలతో సోలార్ పలకలు పెట్టించుకున్నారు.

“ఎట్లయింది ఆళ్లకు?” కాకా అడిగాడు.

“చిన్న ఊరు. ఎవరింట్ల ఏం పారేసిండ్రో అందరికి ఎరుకే.”

కాకా ముఖం వెలిగింది. ఆయన వాదనకు సాక్షి దొరికాడు. నేను ఊరుకోలేదు. నాలుగిళ్ల ఊళ్లో పేరు దాగదు, మూడు లక్షల పట్నంలో ఎవరికి ఎవరి పేరు తెలుసు అన్నాను. అందుకే కదా ఈ నాలుగు బుట్టలు, సర్టిఫికెట్లు, టన్నుకు వెయ్యి రూపాయలు. ఇరుగుపొరుగు కన్ను చేసే పనిని కాగితంతో చేయించబోతున్నాం, అది కష్టమే.

“కాయిదం చేస్తది,” అన్నాడు కాకా, “ఉషేగాం ఓజోళ్లకు ఎవడు కాయిదమిచ్చిండు? పగిలిన ఇత్తడి చెంబులు తూకానికి కొని దేవుని బొమ్మలు పోస్తరు. మైనం కరిగిపోతది, మట్టి మట్టిల కలుస్తది. ఇంత రవ్వ మిగలది.”

“2018లో వాళ్లకూ కాగితం ఇచ్చారు కాకా. ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు.”

“అది బొమ్మకు. నేను చెప్పేది చెంబు సంగతి.”

తిరిగొచ్చేటప్పుడు కరీంనగర్ బస్టాండులో దిగి, చొక్కా జేబులోంచి ఆ చిప్స్ ప్యాకెట్ తీసి, నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టాడు. “నీకు కాయిదం మీద నమ్మకమున్నది గద. దీనిమీద నంబరున్నది. ఫోన్ చెయ్యి.”

మర్నాడు చేశాను. రుచిలో తేడా ఉంటే ఒకటి నొక్కమంది. తూకం తగ్గితే రెండు, డీలర్‌షిప్ కావాలంటే మూడు. ఖాళీ ప్యాకెట్‌కు ఏ అంకే లేదు. అది ఇంకా నా టేబుల్ మీదే ఉంది.