చెంపదెబ్బకు 25 ఆస్‌లు

క్రీ.శ. 2వ శతాబ్దం. రోమ్‌లోని పాలటైన్ కొండ మీద చక్రవర్తి దర్శనానికి వేచి ఉన్న గుంపులో ఇద్దరు పండితులు వాదనకు దిగారు. ఒకరు తత్త్వవేత్త ఫావొరీనస్, రెండోవారు న్యాయకోవిదుడు సెక్స్టస్ కైకీలియస్. తగవంతా దాదాపు 600 ఏళ్ల నాటి ‘పన్నెండు పలకల’ చట్టం గురించి. ఆ సంవాదాన్ని రచయిత ఔలస్ గెలియస్ గ్రంథస్థం చేశాడు.

ఆ చట్టంలో కొన్ని మాటలు అర్థం కావనీ, కొన్ని శిక్షలు మరీ క్రూరమనీ, కొన్ని మరీ తేలికనీ ఫావొరీనస్ ఎత్తిచూపాడు. మనిషిని కొట్టి అవమానిస్తే జరిమానా రోమన్ల కంచు డబ్బులో 25 ఆస్‌లు. లూసియస్ వెరాటియస్ అనే ఆకతాయి దారిన పోయేవాళ్ల చెంపలు వాయిస్తూ సాగితే, వెనకాలే సంచి పట్టుకున్న బానిస అక్కడికక్కడే 25 ఆస్‌లు లెక్కపెట్టి ఇచ్చేవాడట!

కైకీలియస్ తగ్గలేదు. ఆ రోజుల్లో ఒక్కో ఆస్ ఒక పౌను బరువుండేదనీ, అది చిన్న జరిమానా కాదనీ లెక్క చెప్పాడు.

మరి అప్పులపాలైనవాడి గతి? తీర్పయ్యాక 30 రోజుల గడువు, ఆపైన 60 రోజుల సంకెళ్లు. అప్పటికీ తీర్చకపోతే చంపొచ్చు, టైబర్ నది అవతల అమ్మేయొచ్చు. అప్పిచ్చినవాళ్లు పలువురైతే ఒంటిని ముక్కలుగా పంచుకోవచ్చు. ఎవరినీ అలా కోసినట్టు తాను వినలేదు, చదవలేదు, అది భయపెట్టడానికేనని కైకీలియస్ సమర్థన. ఈ సమర్థన అతకదు. బెదిరింపు వల్ల కూడా ఎవరో ఒకరు బాగుపడతారు. ఇక్కడ బాగుపడింది అప్పిచ్చినవాడు.

అయినా క్రౌర్యాన్నే తూకం వేస్తూ కూర్చుంటే, అసలెందుకు రాశారన్నది పక్కకు పోతుంది. క్రీ.పూ. 462లో సామాన్యుల ప్రతినిధి (ట్రిబ్యూన్) టెరెంటిలియస్ హార్సా అడిగింది దయ కాదు, పాలకులైన కాన్సుల్‌ల అధికారానికి హద్దు. అప్పటిదాకా చట్టం కులీనుల నోట్లోనే ఉండేది. పూజారులూ వాళ్లే, తీర్పరులూ వాళ్లే. ఏళ్ల తరబడి పెనుగులాడాక 451లో పదిమంది సంఘం పది పలకలు రాసింది. మరుసటి ఏడు ఇంకో రెండు చేరాయి. కులీనులకూ సామాన్యులకూ మధ్య పెళ్లిళ్ల నిషేధం వాటిలోదే. అన్యాయమే, కానీ పలకకెక్కిన అన్యాయాన్ని వేలెత్తి చూపొచ్చు. 445లోనే కనులేయస్ చట్టం దాన్ని కొట్టేసింది.

చదవగలిగితే సరిపోయిందా? లేదు. దావా ఏ రోజున, ఏ మాటలతో వేయాలో పూజారుల గుప్పిట్లోనే ఉండిపోయింది. నరికిన ద్రాక్షతీగల కోసం దావా వేసినవాడు, చట్టంలో ఉన్నట్టు ‘చెట్లు’ అనక ‘తీగలు’ అన్నందుకు ఓడిపోయాడని న్యాయకోవిదుడు గైయస్ రాశాడు. ఆ గుప్పిట విప్పింది విముక్త బానిస కొడుకు, గుమాస్తాగా ఉండి ఈడైల్ అనే నగరాధికారి పదవికెక్కిన గ్నేయస్ ఫ్లావియస్. క్రీ.పూ. 304లో దావా సూత్రాలను బయటపెట్టి, కోర్టు రోజుల పట్టికను నగర కూడలి ఫోరంలో అందరికీ కనబడేలా నిలిపాడు. పన్నెండు పలకలు పూర్తయి అప్పటికి 146 ఏళ్లు.